చెప్పొద్దని రాసిన ఉత్తరం

మా చర్చిలో క్రిస్మస్ తాత వేషం ఎప్పుడూ మా నాన్నదే. ఆయన పొట్టిగా, పీలగా ఉండేవాడు. పొట్టకి రెండు దిళ్ళు కట్టుకుని, అమ్మ కుట్టిన ఎర్ర సాటిన్ గౌను తొడుక్కునేవాడు. గడ్డానికి దూది ఆయన పనిచేసే చోటు నుంచే వచ్చేది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక టోకు మందుల కొట్లో గుమాస్తా. కొట్లో ఆయన గొంతు ఎవరూ విన్నట్టు లేదు. యజమాని ఏమన్నా "అలాగేనండి" అని తలవంచుకుని వచ్చేసేవాడు. అట్టతో చేసిన, ముక్కు దాకా వచ్చే తాత మాస్కు మొహానికి తగిలించుకున్నాడంటే మాత్రం వేరే మనిషి. డప్పుకి తగ్గట్టు గంతులేసేవాడు, ముసలమ్మలతో వేళాకోళాలాడేవాడు, పెద్దమనుషుల నడక వాళ్ళ ఎదురుగానే అనుకరించేవాడు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. తాత కదా.

డెబ్భైల మొదట్లో ఒక ఏడాది ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ఖాళీ బిస్కెట్ల డబ్బాకి ఎర్ర రంగు వేసి, మూతకి చీలిక పెట్టి, సండేస్కూలు వరండాలో వేలాడదీశాడు. "పిల్లలూ, క్రిస్మస్ తాతకి ఏం చెప్పాలన్నా ఇందులో రాసి వెయ్యండి. తాతే చదువుకుంటాడు" అని చెప్పాడు. పిల్లలు బళ్ళో నేర్చుకున్న ఉత్తరాలన్నీ అందులో కుమ్మరించారు.

రాత్రి అన్నాలయ్యాక చాప మీద కూర్చుని నాన్న వాటిని పైకి చదివేవాడు. అమ్మ, నేను, మా తమ్ముడు చుట్టూ చేరేవాళ్ళం. "మహారాజశ్రీ క్రిస్మస్ తాతగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నాకు సైకిలు ఇప్పించవలసిందిగా ప్రార్థించుచున్నాను. ఇట్లు తమ విధేయ విద్యార్థి" అని ఒకడు. "పోయిన ఏడు మీరిచ్చిన పెన్సిలు చెక్కినకొద్దీ ములుకు విరిగిపోతోంది, మార్చి ఇవ్వగలరు" అని ఒక అమ్మాయి. "మా ఇంటికి వచ్చేటప్పుడు గేటు దగ్గరే నిలబడి పిలవండి, మా కుక్క ఎర్రబట్టలు చూస్తే ఊరుకోదు" అని ఇంకొకడు. పాస్టరుగారి అబ్బాయి, పండగ రోజు వాళ్ళ నాన్న ప్రసంగం త్వరగా ముగించేలా చూడమన్నాడు. ముగ్గురు అన్నల తరవాత పుట్టినవాడు రాసింది నాకు ఇప్పటికీ గుర్తే. "నాకు చొక్కా కావాలి. నాకన్నా ముందు ఎవరూ తొడుక్కోనిది." దానికి అమ్మ నవ్వలేదు. మర్నాడే ఆ పిల్లాడి కొలత ఎంత ఉంటుందో కనుక్కుని రమ్మంది.

ఆ ఉత్తరాల మధ్యలో రూళ్ళ కాగితం చింపి, ఎనిమిది మడతలు పెట్టి వేసింది ఒకటి వచ్చింది. నాన్న విప్పి చదవడం మొదలుపెట్టాడు.

"క్రిస్మస్ తాతకి. నేను బాగున్నాను. మామ్మ కళ్ళజోడు తొక్కింది నేనే. అన్నయ్య తొక్కాడని పెదనాన్న అన్నయ్యని కొట్టారు. నేను చెప్పలేదు. తొక్కింది నేనేమో అని పెద్దమ్మ అంది. మా అమ్మ పెద్దమ్మతో మావాడు అలాంటి పని చెయ్యడు అని పోట్లాడింది. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకోరు. మధ్యలో తడిక కట్టారు. అన్నయ్యతో ఆడుకోనివ్వరు. తడిక తీసెయ్యమని చెప్పు. నాకు బిళ్ళలు వద్దు. కళ్ళజోడు సంగతి ఎవరికీ చెప్పకు. దేవుడికి చెప్పాను. నీకు చెప్పాను. అంతే."

కింద పేరు లేదు. ఉండక్కర్లేదు కూడా. చర్చి వెనక వీధిలో ఉండే అన్నదమ్ముల ఇల్లు అది. అన్న ప్రెస్సులో కంపోజిటరు, తమ్ముడు లాడ్జిలో మేనేజరు. తోడికోడళ్ళు పెద్దావిడ, చిన్నావిడ ఒకప్పుడు ఒకే గొడుగు కింద చర్చికి వచ్చేవాళ్ళు. ఆ వేసవి నుంచి ఒకరు ముందు బెంచీలోనూ ఒకరు వెనక బెంచీలోనూ కూర్చుంటున్నారు. వాళ్ళ పెరట్లో తాటాకు తడిక లేచిన సంగతి వీధి వీధంతా తెలుసు. ఎందుకో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవారు. ఉత్తరం రాసింది తమ్ముడి కొడుకు. ఎనిమిదేళ్ళుంటాయి. నాకన్నా మూడేళ్ళు చిన్న. సండేస్కూల్లో నా ముందు వరసలో కూర్చుని, బైబిలు వాక్యాలు అప్పజెప్పేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకునేవాడు.

"పాపం, ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నాడో" అంది అమ్మ.

"ఈ తడిక సంగతి నేను చూస్తాను" అన్నాడు నాన్న, కాగితం జేబులో పెట్టుకుంటూ.

తీరిక చూసుకుని ఆ అన్నదమ్ములతో విడిగా మాట్లాడతాడనుకుంది అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను.

కేరల్స్ బృందం ఆ వీధికి వెళ్ళిన రోజు బళ్ళకి సెలవులు ఇచ్చేశారు కాబట్టి నన్నూ రానిచ్చారు. అప్పుడే చీకటి పడింది. పెట్రోమాక్సు లైటు, హార్మోనియం, డప్పు, వెనక మేము. ఇంటి ముందు ఒక పాట పాడేవాళ్ళం. తాత గంతులేసి పిల్లల చేతుల్లో నిమ్మతొనల బిళ్ళలు పోసేవాడు. ఇంటివాళ్ళు అరిసెలో చక్రాలో పెట్టేవారు. పాస్టరుగారు ప్రార్థన చేసేవారు. అన్నదమ్ముల ఇంటి దగ్గరికి వచ్చేసరికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా గుమిగూడారు. క్రైస్తవులే కాదు, వీధిలో అందరూ మా తాతని చూడ్డానికి వచ్చేవాళ్ళు.

పాట అయ్యింది. పెద్దావిడ ఒక గుమ్మంలో, చిన్నావిడ ఒక గుమ్మంలో నిలబడ్డారు. ఎవరి పళ్ళెం వాళ్ళ చేతిలో ఉంది. మామ్మని అరుగు మీద కూర్చోబెట్టారు. నాన్న రెండు పళ్ళేలనీ మార్చి మార్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అటో పండగా, ఇటో పండగానా? ముసలివాణ్ణి, నేనెటు తినాలమ్మా?" అన్నాడు.

జనం నవ్వారు. తోడికోడళ్ళు కూడా తలవంచుకుని కొంచెం నవ్వారు. అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో అని తరవాత నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ చిన్న నవ్వు చూసే నాన్నకి ధైర్యం వచ్చి ఉంటుంది. గౌను లోపలికి చెయ్యి పెట్టి, జేబులోంచి కాగితం తీశాడు.

"ఈ ఇంటి నుంచి నాకో ఉత్తరం వచ్చింది" అని, చిన్నపిల్లాడి గొంతు పెట్టి చదవడం మొదలెట్టాడు.

గొంతులు పెట్టడంలో ఆయన దిట్ట. అచ్చం ఆ పిల్లాడు కళ్ళు మూసుకుని వాక్యం అప్పజెప్పినట్టే చదివాడు. మామ్మ కళ్ళజోడు తొక్కింది నేనే అన్నప్పుడు జనం ఒక్క క్షణం ఊరుకుని, తరవాత నవ్వారు. నాకు బిళ్ళలు వద్దు అన్నప్పుడు ఇంకాస్త నవ్వారు. కళ్ళజోడు సంగతి ఎవరికీ చెప్పకు అన్నచోట నాన్న గొంతు తగ్గించి, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, గుసగుసగా చదివాడు. వీధంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. డప్పు కొట్టేవాడు సరదాకి రెండు దెబ్బలు వేశాడు.

పెద్దావిడ పళ్ళెం అరుగు మీద పెట్టేసింది.

"విన్నారుగా అందరూ? నా కొడుకుని గొడ్డుని బాదినట్టు బాదారు. తొక్కలేదు మొర్రో అని వాడు ఏడుస్తుంటే ఒక్కరు నమ్మలేదు. మావాడు అబద్ధమాడడు అని నా మొహం మీద చెప్పింది ఈవిడ. ఇప్పుడు తేలిందిగా, ఎవరి కొడుకు ఎలాంటివాడో."

చిన్నావిడ పక్కనే చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు ఆ పిల్లాడు. వాడు ఏడవలేదు. నాన్న మాస్కు వైపు చూస్తున్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి లోపలికి లాక్కుపోయి తలుపేసింది. లోపల దెబ్బల చప్పుడు వినిపించింది. వాడి గొంతు మాత్రం వినిపించలేదు.

"ఏమైందర్రా? ఎవరినంటున్నారు?" అని మామ్మ అడుగుతోంది. ఆవిడకి చెవులు కూడా సరిగ్గా వినపడవు.

పాస్టరుగారు గబగబా ప్రార్థన చేశారు. ఆ ఇంటి తరవాత ఇంకా నాలుగైదు ఇళ్ళున్నాయి. నాన్న అన్నిటి ముందూ గంతులేశాడు. మాటలు మాత్రం లేవు.

ఇంటికొచ్చాక అమ్మ ఆయన నడుముకి కట్టిన దిళ్ళ ముళ్ళు విప్పుతోంది. జరిగింది నేను అప్పటికే చెప్పేశాను.

"చెప్పొద్దని రాశాడుగా వాడు" అంది అమ్మ.

"నిజం తెలిస్తే సర్దుకుంటారనుకున్నాను. పెద్దవాడు చెయ్యని తప్పుకి దెబ్బలు తిన్నాడు కదా, వాడి సంగతీ చూడాలిగా."

"చూడాలి. నువ్వెళ్ళి ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని, 'నాన్నా, నువ్వే చెప్పు, నేను పక్కనుంటాను' అనాలి. వీధిలో నిలబడి వాడి గొంతుతో చదువుతావా?"

నాన్న మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. దూది అంటించిన జిగురు గడ్డానికి అలాగే ఉండిపోయింది. ఎంతసేపు కడిగాడో, మర్నాడు చర్మం ఎర్రగా కందిపోయి కనిపించింది.

క్రిస్మస్ ఆరాధనకి చిన్నావిడ కుటుంబం రాలేదు. మర్నాడు నాన్న వాళ్ళింటికి వెళ్ళాడు. లాడ్జి మేనేజరు బయటికొచ్చి కుర్చీ వేశాడు.

"మీరు మంచికే చేశారండి. మాకు తెలుసు. కాకపోతే మా ఆవిడ కుళాయి దగ్గరికి కూడా వెళ్ళలేకపోతోందండి. అబద్ధాలకోరు తల్లి అంటున్నారంట. మీరు ఇంక ఆ సంగతి ఎత్తకండి" అన్నాడు.

తిరిగి వస్తుంటే తడికకి అవతలి నుంచి పెద్దావిడ పిలిచి మరీ అరిసెలు కట్టి ఇచ్చింది. "మీ దయ వల్ల మావాడి మీద మచ్చ పోయిందండి" అంది. నాన్న ఆ పొట్లం తెచ్చి వంటింట్లో పెట్టాడు కానీ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. చిన్నావిడ మాటకన్నా పెద్దావిడ కృతజ్ఞతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందని అమ్మ తరవాత చెప్పింది.

పరీక్షలవగానే చిన్నావిడ కొడుకుని తీసుకుని కూచిపూడి దగ్గర పల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. భర్త లాడ్జిలోనే ఒక గదిలో ఉంటూ ఆదివారాలు బస్సెక్కి వెళ్ళొచ్చేవాడు. అన్నదమ్ముల మధ్య గొడవేమీ లేదు. కానీ ఆ ఇల్లు రెండయ్యింది. తడిక పీకేశారు. ఇవతల ఎవరూ లేనప్పుడు ఇంక దాని అవసరం లేదుగా. మామ్మకి కొత్త కళ్ళజోడు వచ్చింది. ఒకసారి మా అమ్మ పలకరించడానికి వెళ్తే ఆవిడ, "చూపు లేనప్పుడు ఇంట్లో ఇద్దరు కోడళ్ళు ఉండేవాళ్ళమ్మా. ఇప్పుడు బాగా కనపడుతోంది, ఒక్కతే ఉంది" అందట. అమ్మ ఆ మాట ఇంటికొచ్చి నాన్నకి చెప్పలేదు. నాకు చెప్పింది.

ఎర్ర డబ్బా నాన్నే దించేశాడు. మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి వేషం వెయ్యనన్నాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి అడిగారు. "ఆయాసం వస్తోందండి" అని తప్పించుకున్నాడు. ఆ ఏడు ఎవరో కాలేజీ కుర్రాడు తాత అయ్యాడు. బాగానే గంతులేశాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం నాన్న నన్ను తీసుకుని కూచిపూడి బస్సెక్కాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడో అప్పుడు తెలియలేదు. ఒక్కడే వెళ్ళలేక అయ్యుంటుంది. బస్సు దిగి కాలవగట్టు మీద చాలాదూరం నడిచాం. వరి కోసేసి కుప్పలు వేశారు. కోసిన చేలల్లో మినుము మొలకలు పచ్చగా కనిపిస్తున్నాయి. నాన్న చేతిలో కొత్త చొక్కా, ఒక రబ్బరు బంతి ఉన్న సంచీ ఉంది.

చిన్నావిడ మమ్మల్ని చూసి మొహం మాడ్చుకోలేదు. "రండి" అని మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, మజ్జిగ కలిపి తెచ్చింది. మర్యాదకి లోటు చెయ్యలేదు. కూర్చోలేదు కూడా. పిల్లాడు పెరట్లో ఉన్నాడని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

వాడు గడ్డివాము నీడలో కూర్చుని బళ్ళో ఇచ్చిన లెక్కలు చేసుకుంటున్నాడు. పొడుగయ్యాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి, "వందనాలండి" అన్నాడు. నాన్న వాడి ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు. అంతకుముందు ఆయన ఏ పిల్లాడి ముందూ అలా కూర్చోగా నేను చూడలేదు.

"బాబూ, పోయిన ఏడు తాత వేషం వేసింది నేనే."

"తెలుసండి."

"నువ్వు చెప్పొద్దని రాశావు. నేను చెప్పేశాను. తప్పు నాది. నీది కాదు."

వాడు పలకబలపం కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను.

"నీకేం కావాలో చెప్పు. నా చేతనైంది చేస్తాను. ఎవరికీ చెప్పను" అన్నాడు నాన్న.

"ఏమీ వద్దండి."

"ఏదైనా సరే."

"నేనింక అడగనండి" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. అన్నం తినేశాను, ఇంక వద్దు అన్నట్టు అన్నాడు. మళ్ళీ వాడే అన్నాడు. "అన్నయ్యని కొట్టినప్పుడే నేను చెప్పెయ్యాల్సిందండి. అప్పుడు చెప్పలేదు కాబట్టే ఇలా అయ్యింది. మీరు చెప్పినందుకు కాదు."

నాన్న వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు. సంచీ గడ్డివాము పక్కన పెట్టి లేచాడు. వాడు సంచీలోకి తొంగిచూడలేదు. తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని ఉయ్యూరు దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని వెళ్ళిన మనిషి. ఆ పిల్లాడు తప్పంతా తనదేనని చెప్పి పంపించాడు.

ఆ తరవాత నాన్న ఎవరి మాటనీ ఇంకొకరికి చేరవెయ్యడం నేను చూడలేదు. సరదాకి కూడా గొంతులు పెట్టడం మానేశాడు. నేను ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు ముందు నాన్నకే చెప్పాను. అమ్మకి నేను చెప్పుకునేదాకా ఆయన నోరు మెదపలేదు. "నీకు ముందే తెలుసా?" అని అమ్మ నిలదీస్తే, "తెలుసు. అది తనే చెప్పుకోవాల్సిన మాట" అన్నాడు. అలాంటి తండ్రి దొరకడం నా అదృష్టమని స్నేహితులు అనేవారు. నేను తలూపి ఊరుకునేదాన్ని. ఆయన అలా తయారవడానికి ఎవరు దెబ్బలు తిన్నారో వాళ్ళకి చెప్పలేదు.

డెబ్భైల చివర్లో ఆ పిల్లాడు ఇంటర్ చదవడానికి విజయవాడ వచ్చాడు. వాళ్ళ నాన్న ఉండే లాడ్జి గదిలోనే ఉంటాడనుకున్నారు. పెద్దావిడ ఒప్పుకోలేదు. "లాడ్జి కూడు తిని చదువుతాడా మా పిల్లాడు?" అని తనే వెళ్ళి పెట్టె తీసుకొచ్చేసింది. అప్పటికి మామ్మ పోయింది. తోడికోడళ్ళిద్దరూ మామ్మ అంత్యక్రియల్లో కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాత్రం వీడి ద్వారా కబుర్లు మొదలయ్యాయి. "మీ అమ్మకి చెప్పు, మినుములు అయిపోయాయని" అని ఈవిడ. "మీ పెద్దమ్మకి చెప్పు, ఈసారి పంట బాగోలేదని" అని ఆవిడ. వాడు ఆదివారం వెళ్ళి, సోమవారం మూటతో వచ్చేవాడు. ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకోవడం నేనైతే ఎప్పుడూ వినలేదు.

ఒక క్రిస్మస్ మధ్యాహ్నం వాడు మా ఇంటికి పిండివంటలు తెచ్చాడు. మీసం మొలుస్తోంది. గొంతు మారింది. నాన్న పడుకుని ఉన్నాడు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చదువు సంగతులు అడిగాను. చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆ రోజు బయటికి వచ్చేసింది.

"ఆ రోజు మీ ఇంటి ముందు నేను కూడా నవ్వాను" అన్నాను.

వాడు పళ్ళెం అంచు తడిమాడు.

"అందరూ నవ్వారక్కా" అన్నాడు. "అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. లోపల అమ్మ నన్ను కొడుతుంటే దొడ్డివైపు నుంచి వచ్చి అడ్డం పడ్డాడు. వాడికీ తగిలాయి."

ఆ సంగతి మాకెవరికీ తెలియదు. వీధిలో నిలబడ్డ మాకు చప్పుడే వినిపించింది. పక్కగదిలో మంచం కిర్రుమంది. నాన్న లేచాడు. మా మాటలు విన్నాడో లేదో తెలియదు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాడు కుర్చీలోంచి లేచి, "వందనాలండి" అన్నాడు.

"వందనాలు బాబూ. కూర్చో" అన్నాడు నాన్న. వాడు కూర్చునేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.